మే నెలలో హీటర్

"దారి మధ్యలో ఆగిపోతే ఎట్లరా?" అన్నా నేను.

అప్పటికి బండి ఇంకా మా వాకిట్లోనే ఉంది. నరేష్ తాళంచెవి కూడా తిప్పలేదు.

"ఆగిపోదులేమ్మా."

"ఆగిపోతే?"

"దిగి నిలబడతాం."

"ఈ ఎండలోనా?"

వాడు అద్దం సరిచేసుకున్నాడు. మా ఇంట్లో నా మాటలకు చాలావాటికి జవాబు ఉండదు, నాకది అలవాటే. ఒళ్ళో ఉన్న సంచి మళ్ళీ ఒకసారి విప్పి చూసుకున్నా. ఆరు సీసాల నీళ్ళు, గ్లూకోజు పొట్లాలు, నిమ్మకాయలు, ఒక దుప్పటి, చెన్నకేశవస్వామి కుంకుమ, ఫోన్లు పనిచేయకపోతే ఎవరి ఫోన్ నుంచైనా చేసుకునేదానికి పది నంబర్లు రాసిన కాగితం. అన్నీ ఉన్నాయి.

"అన్ని సీసాలెందుకు? మే నెలలో దుప్పటి ఎందుకమ్మా?" అన్నాడు వాడు.

"ఎందుకైనా మంచిది."

వెనక సీట్లో మా ఆయన మాలకొండయ్య కూచోనున్నాడు. బస్సులో కూచున్నట్టే కూచున్నాడు, కిటికీ పక్కన, చేతిసంచి మోకాళ్ళ మీద పెట్టుకొని. బండి వచ్చి ఏడు నెలలైనా ఆయన దీన్ని ఎక్కడం ఇదే మొదలు. గిద్దలూరులో వాళ్ళ అక్క పార్వతమ్మ కొత్తిల్లు కట్టుకుంది, ఆ రోజే గృహప్రవేశం. అక్క మాట తీసేయలేడు. పెద్దారవీడు దాకా నడిచిపోయి బస్సు ఎక్కుతానంటే, మోకాళ్ళు పోతాయని నేనే ఏడ్చి ఎక్కించినా.

ఈ ఏడు నెలల సంగతి చెప్పాల. మాకు నాలుగు బోర్లు. మూడిట్లో దుమ్ము వచ్చింది. నాలుగోదాంట్లో తాగేదానికి పనికిరాని నీళ్ళు, అవి కూడా గంట సేపు వస్తాయి. అయిదో బోరు వేయాలని మా ఆయన కూడబెట్టుకున్నాడు. నరేష్ వద్దన్నాడు. భూమిలో ఉంటే గదా నాయనా వచ్చేదానికి, అని ఆ డబ్బుతో ఈ సెకండ్ హ్యాండ్ బండి తెచ్చి బాడుగకు తిప్పుతున్నాడు. బండి వాకిట్లోకి వచ్చిన రోజు మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నీళ్ళు లేనిదే ఏదీ నడవదురా" అన్నాడు. కొడుకుతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. అప్పటినుంచి ఆయన చెప్పాల్సింది నాతో చెప్తాడు, నేను వాడితో చెప్తా. ఒకే గదిలో ఉన్నా అంతే. కూరలో ఉప్పు తక్కువైందని కూడా నేనే మోయాల.

నాకున్న భయాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. ఇద్దరిలో ఎవరికైనా ఏమన్నా అయితే, ఆ చివరి మాటే చివరి మాట అయిపోతుంది గదా.

బండి కదిలింది. ఏసీ వేసినాడు. కాసేపు చల్లగా వచ్చింది. పది రోజులుగా అది అట్లనే చేస్తుంది, కాసేపు చల్లగా, కాసేపు ఉత్తగాలి. ఎవరిదగ్గరికో పోయి రెండుసార్లు గ్యాస్ పట్టించినాడు. మూడో రోజుకు మళ్ళీ మామూలే. దోర్నాల నుంచి వచ్చిన ఒకామె, "కిటికీ తీసుకొని పోయేదానికైతే బస్సు ఉంది గద నాయనా" అని దిగిపోయిందంట. అది చెప్పిన రోజు వాడు అన్నం సరిగ్గా తినలేదు.

నేను ముందు సీట్లో కూచున్నా కాబట్టి స్టీరింగ్ వెనక ఉండే ముల్లు నాకు కనపడతానే ఉంటుంది. వేడి చూపించే ముల్లు. నేను ఏడో తరగతితో ఆపేసినా, ముల్లు చూసేదానికి అంత చదువు కూడా అక్కర్లేదు. అది సగంలో ఉండాల. మార్కాపురం దాటేదాకా సగంలోనే ఉంది.

"ముల్లు లేచింది" అన్నా.

"లేవలేదమ్మా."

"సగం దాటింది. మన చిటికెనవేలు గోరంత."

"నువ్వు రోడ్డు చూడమ్మా."

"రోడ్డు నువ్వు చూడు. ముల్లు నేను చూస్తా."

రైలు గేటు పడింది. ఆగినాం. ముందు నుంచి ఫ్యాను గుయ్యిమని తిరుగుతుంది. ఆగినంత సేపు ముల్లు ఉన్నచోటే ఉంది. గేటు తీసి మళ్ళీ వేగం అందుకున్నాక లేవడం మొదలైంది. ఏసీ గాలి వెచ్చబడింది.

వెనక నుంచి మా ఆయన, "గాలి అందడం లేదని వాడితో చెప్పు" అన్నాడు.

"నాయనకు గాలి అందడం లేదంటరా."

"తెలుసని చెప్పు."

"తెలుసంట" అన్నా వెనక్కి తిరిగి.

తర్లుపాడు అవతల ఎర్ర లైటు వెలిగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. నరేష్ బండిని పక్కకు తీసి ఆపేసినాడు. నేను తలుపు తీసుకొని దిగి, "పేలిపోతుంది, అందరూ చేలోకి పొండి" అని అరిచినా. మా ఆయన మాత్రం పోయినాడు. తుమ్మచెట్టు కింద దుప్పటి పరిచి ఇచ్చినా. దుప్పటి ఎందుకని అడిగినవాడు ఇప్పుడేమీ అనలేదు.

బండి పేలలేదు. అట్లని పేలదని ఎవరు రాసిచ్చినారు?

నరేష్ మార్కాపురంలో తనకు తెలిసిన మెకానిక్ సీమోనుకు ఫోన్ చేసినాడు. స్పీకర్ పెట్టమంటే పెట్టినాడు. "మూత తీయాకు, మొహం కాలిపోతుంది" అన్నాడు సీమోను. "అరగంట ఆగు. చల్లారినాక నీళ్ళు పోసి, ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్ పెట్టి, అద్దాలన్నీ దించుకొని మెల్లగా నా దగ్గరికి రా. ముల్లు లేస్తే ఆపు."

"హీటరా?" అన్నా.

"ఇంజన్‌లో ఉండే వేడిని హీటర్ లోపలికి లాగుతుంది పెద్దమ్మా. ఇంజన్ బతుకుతుంది."

"మేము?"

"పద్దెనిమిది కిలోమీటర్లే గదా" అన్నాడు సీమోను.

అరగంట అయినాక నా సీసాల్లో నాలుగు బండి తాగేసింది. పొద్దున అన్ని సీసాలు ఎందుకన్నవాడే వంగి పోసినాడు. నేను ఏమీ అనలేదు. రెండుసార్లు మాత్రం అన్నా. మా ఆయన చెట్టు కింద నుంచి లేచి వచ్చి నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"అన్ని నీళ్ళు ఎట్ల తగ్గినాయి? పొద్దున నిండుగనే ఉండె గదా" అని గొణిగినాడు.

ఇంటి మీద ట్యాంకు సంగతేమో అనుకున్నా. అప్పుడు నాకు ఉడికిపోతుంది, పట్టించుకోలేదు.

మే నెల, పన్నెండు గంటలు, హీటర్. కాళ్ళ మీదికి పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి. అద్దాల్లోంచి బయట వడగాలి. బయటదే కొంచెం నయం. మోటార్‌సైకిల్ మీద పోయేవాళ్ళు మా వైపు చూసినారు, మేము కూడా వాళ్ళ వైపు చూసినాం. గ్లూకోజు కలిపి ఇద్దరికీ ఇచ్చినా.

"చలి కాచుకునేదానికి తీసుకొచ్చినాడా అని అడుగు వాడిని" అన్నాడు మా ఆయన.

"చలి కాచుకునేదానికా అంటున్నాడు."

"దుప్పటి కూడా ఉంది, కప్పుకోమని చెప్పు."

అది నేను వెనక్కి చెప్పలేదు. ఆయన విన్నాడు, అది చాలు. ముల్లు మాత్రం సగానికి కొంచెం పైన నిలబడింది. రెండుసార్లు ఆపినాం. ఆ ఎండలో ఒకటే కోరుకున్నా. ఈ బండి బాగుపడాల. బాగుపడకపోతే మా ఆయన అన్న మాటే నిజమైపోతుంది. ఇక వాడు నోరు తెరవడు, ఈయన తెరవడు.

సీమోను షెడ్డు కంభం రోడ్డులో ఉంది. ఒక్కడే పనిచేసుకుంటాడు. వాళ్ళ నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడంట. ఆ ఫ్యాక్టరీ మూతపడినాక మిగిలిన పలకలు ఒక మూల దొంతిగా పేర్చి ఉన్నాయి. సీమోను ఒక పలక తీసి, బలపంతో పైన "నరేష్" అని రాసినాడు. ఏ బండి వచ్చినా దాని జబ్బు ఒక పలక మీద రాస్తాడంట. నాకు పరీక్ష రాసేదానికి వచ్చినట్టు అయింది.

"ఏసీ పోయిందన్నా. గ్యాస్ నిలవడం లేదు" అన్నాడు నరేష్.

సీమోను పలక మీద ఏమీ రాయలేదు. "ముల్లు ఎప్పుడు లేచింది? నిలబడినప్పుడా, పోతున్నప్పుడా?"

"చూడలేదన్నా."

"పోతున్నప్పుడు" అన్నా నేను. "మార్కాపురం దాటినాక చిటికెనవేలు గోరంత. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు లేవలేదు, ఫ్యాను గట్టిగా తిరిగింది. మళ్ళీ పోయేటప్పుడు లేచింది. లేచినాక ఏసీ వెచ్చబడింది. ఏసీ వెచ్చబడినాక లేవలేదు, లేచినాకనే వెచ్చబడింది."

సీమోను నా వైపు తిరిగినాడు. "ఇంకా ఏమేం చూసినావు పెద్దమ్మా?"

నా భయాలు ఒక్కొక్కటే చెప్పమని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. తెల్లారి లేచి చూస్తే ముందు చక్రం పక్కన నేల తడిగా ఉంటుందని చెప్పినా. ఏసీ నీళ్ళని నరేష్ అంటాడు, రాత్రంతా ఆపేసి ఉన్న ఏసీ తెల్లారి ఎట్ల కారుతుందని నేనంటా, నీకన్నీ అనుమానాలేనని వాడంటాడు, అని కూడా చెప్పినా. అన్నీ రాసుకున్నాడు. పలక నిండితే రెండో పక్క తిప్పినాడు.

"ఫ్యాను బాగానే ఉంది" అని, పలక మీద రాసిన ఫ్యాను మాట మీద గీత కొట్టినాడు. "ఫ్యాను పోయింటే నిలబడినప్పుడు కాలాల. పోతున్నప్పుడు కాలుతుందంటే లోపల నీళ్ళు తిరగడం లేదు." బండి మీదికి వంగి పై పైపు తాకి చెయ్యి తీసేసినాడు. కింది పైపు పట్టుకొని అట్లనే ఉన్నాడు. "ఇది గోరువెచ్చగా ఉంది. నీళ్ళు ఈ పక్కకు రావడం లేదు. మధ్యలో ఎక్కడో మూసుకుపోయింది."

"మరి ఏసీ?" అన్నాడు నరేష్.

"ఏసీకి ఏ జబ్బూ లేదు. ఇంజన్ కాలుతుంటే బండే ఏసీని ఆపుకుంటుంది. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు తిండి మానేసినట్టు."

అది నాకు బాగా అర్థమైంది.

బండి పూర్తిగా చల్లారినాక మూత తీసి లోపల వేలు పెట్టి తిప్పినాడు. వేలికి తెల్లటి పొక్కు అంటుకొచ్చింది. మా ప్రాంతంలో ఆ పొక్కు తెలియని ఆడమనిషి లేదు. నీళ్ళు కాగబెట్టే గిన్నె అడుగున పట్టేది అదే. ఎంత తోమినా పోదు. అందుకే తాగేదానికి క్యాన్లు కొనుక్కుంటాం.

"బోరు నీళ్ళు" అన్నాడు సీమోను. "ఇందులో ఉండాల్సింది కూలెంట్. పచ్చగా ఉండాల. ఒక్క చుక్క పచ్చరంగు లేదు. నిండుగా ఉన్నదాంట్లోనే రోజూ ఎవరో పోస్తున్నారు. ఉన్న కూలెంట్ పొంగి కింద పోతుంది, పెద్దమ్మ చూసిన తడి అదే. నెలల తరబడి జరిగిన పని ఇది. మనం తాగని నీళ్ళు బండికి తాపించినారు. ఎవరు పోసినారు?"

నరేష్ కూడా వంగి లోపలికి చూసినాడు.

"నేనైతే పోయలేదు" అన్నాడు. "ఎప్పుడు చూసినా నిండుగానే ఉండె. అందుకే చూసేది కూడా మానేసినా."

తర్వాత నా వైపు చూసినాడు. సీమోను కూడా చూసినాడు. ఆరు సీసాలు మోసుకొచ్చిన దాన్ని, నన్ను గాక ఎవరిని చూస్తారు?

"నువ్వేనా అమ్మా? భయంతో పోసింటావు. చెప్పు, ఏమీ అనను."

"నేను కాదు."

"అమ్మా."

"నేను భయపడతా గానీ చెయ్యి పెట్టనురా దేంట్లోనూ."

మా ఆయన పలకల దొంతి దగ్గర నిలబడి ఒక్కో పలకా తీసి, దుమ్ము ఊది, మళ్ళీ పెడుతున్నాడు. అప్పుడు తట్టింది నాకు. తెల్లారుజామున నాలుగింటికి వాకిట్లో కొళాయి చప్పుడు. రోజూ పొద్దున గోడ పక్కన బోర్లించి ఉండే చిన్న బిందె. "పొద్దున నిండుగనే ఉండె గదా." ట్యాంకు సంగతి కాదు అది. మాకు ట్రాక్టర్ ఉన్నప్పుడు కూడా ఆయన నీళ్ళు పోయకుండా ఒక్కరోజు బయటికి తీయలేదు. ఆ ట్రాక్టర్ మూడో బోరు ఖర్చు కింద అమ్ముడుపోయింది.

కొడుకుతో మాట్లాడడు, బండి ఎక్కడు, దాని వైపు చూడడు. తెల్లారి లేచి దానికి ఒక బిందె నీళ్ళు పోస్తాడు.

సీమోను థర్మోస్టాట్ వాల్వు విప్పినాడు. బొటనవేలంత ఉంటుంది. ఇంజన్ వేడెక్కితే అది తెరుచుకొని నీళ్ళను వదలాలంట. గిన్నెలో నీళ్ళు పోసి, స్టవ్ మీద పెట్టి, ఆ వాల్వును అందులో వేసినాడు. నీళ్ళు మరిగినాయి. వాల్వు సన్న గీతంత తెరిచి ఆగిపోయింది. దాని నిండా తెల్లపొక్కే.

"ఎంత కాలినా నోరు తెరవడం లేదు చూడు" అన్నాడు సీమోను.

నేను మా ఆయన వైపు చూసినా.

కొత్త వాల్వు అదే గిన్నెలో వేస్తే చక్కగా తెరుచుకుంది. రేడియేటర్‌లో మందు పోసి కడిగితే సున్నం నీళ్ళలాంటివి వచ్చినాయి, బకెట్లకు బకెట్లు. సాయంత్రం అవుతుందన్నాడు. పార్వతమ్మ వదిన ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు? వ్రతం అయిపోయింది. అన్నం చల్లారిపోతుంది."

"మాకిక్కడ ఏదీ చల్లారడం లేదు వదినా" అన్నా.

మా ఆయన్ని తీసుకొని ఎదురుగా ఉన్న టీ అంగడికి పోయినా. రెండు గుక్కలు తాగేదాకా ఆగి, "వాడితో చెప్పు" అన్నా.

"ఏం చెప్పాల?"

"నీకు తెలుసు."

ఆయన గ్లాసులోకి చూసినాడు. "ట్రాక్టర్‌కు పద్నాలుగేండ్లు పోసినా. ఏమన్నా అయ్యిందా?"

"అప్పటి నీళ్ళు వేరు. ఇప్పుడు అంత లోతు నుంచి వస్తున్నాయి."

ఆయన ఇంకో గుక్క తాగినాడు. "నువ్వే చెప్పు వాడికి" అన్నాడు.

నాకు రెండు భయాలు ఒకేసారి వచ్చినాయి. చెప్తే, మాట్లాడకుండా ఉండి నా బండి పాడు చేసినాడని వాడంటాడు, ఈయన ఇంకో ఏడు నెలలు మూగవాడవుతాడు. చెప్పకపోతే, రేపు నాలుగింటికి అలవాటు కొద్దీ మళ్ళీ బిందె పట్టుకుంటాడు. కొత్త వాల్వు.

"నేను చెప్పను" అన్నా. "ఏడు నెలలు మీ ఇద్దరి మాటలు మోసినా. ఉప్పు మాటలు మోసినా, గాలి మాటలు మోసినా. ఈ మాట నేను మోయను."

అన్నాక నాకే భయమేసింది. ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు తిరగేసి పెట్టినాడు.

అయిదున్నరకు బండి సిద్ధమైంది. సీమోను ఇరవై నిమిషాలు ఇంజన్ నడిపించి, ఏసీ వేసి, ఏసీ గాలికి నా చెయ్యి పెట్టించినాడు. చల్లగా ఉంది. ముల్లు సగంలో ఉంది. ఇరవై నిమిషాలూ నేను దాన్నే చూసినా, కదల్లేదు. పచ్చ కూలెంట్ సీసా ఒకటి నరేష్ చేతికి ఇచ్చి, "ఇది తప్ప ఇంకేదీ పోయాకు. ఇంట్లో అందరికీ చెప్పు" అన్నాడు. అందరికీ అని నా వైపే చూసినాడు. ఆ నింద నేనే పడినా.

పొద్దుపోతుందని గిద్దలూరు మానుకొని ఇంటిదారి పట్టినాం. నరేష్ ఆ సీసా నాకిచ్చి, "వెనక పెట్టమ్మా" అన్నాడు. నేను వెనక్కి తిరిగి మా ఆయన ఒళ్ళో పెట్టినా. ఏమీ చెప్పలేదు. సీటు మీద పెట్టుకుంటాడనుకున్నా. చేతిసంచి కింద పెట్టి, సీసానే ఒళ్ళో పట్టుకున్నాడు.

మార్కాపురం దాటినాం. ఏసీ గాలి చల్లగా వస్తుంది. నరేష్ అద్దంలో నాయన ఒళ్ళో ఉన్న సీసా చూసినాడు. రోడ్డు చూసినాడు. మళ్ళీ అద్దంలోకి చూసినాడు.

"అమ్మా" అన్నాడు, "నాయన్ని అడుగు, ఆయనేమన్నా..."

"నేను అడగను. మీ నాయన నీ వెనకే ఉన్నాడు."

ఇంకో రెండు కిలోమీటర్లు పోయినాం. వాడి చెవులు ఎర్రబడినాయి. చిన్నప్పుడు బడిలో పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా అట్లనే అయ్యేవి.

"నాయనా" అన్నాడు. "పొద్దున పూట నీళ్ళు... నువ్వు పోస్తున్నావా?"

నల్లమల అంచు మీద పొద్దు దిగుతుంది. ఎదురుగా మేకల మంద వస్తే బండి నిలిపినాడు. మంద అంతా పోయింది. వెనకబడిన మేక ఒకటి కూడా పోయింది. బండి మళ్ళీ కదిలింది. ఊర్లు వెనకబడినాయి. పెద్దారవీడు బోర్డు వచ్చింది, పోయింది. నేను ముల్లు చూడటం మర్చిపోయినా. కుంకుమ పొట్లం గట్టిగా పట్టుకున్నా, విప్పలేదు. ఆయన ఇక చెప్పడనుకున్నా. వాడు ఇంకోసారి అడగడనుకున్నా. మా ఊరి మలుపు కనపడింది.

వెనక సీసా మూత తిప్పిన చప్పుడైంది. మళ్ళీ బిగించిన చప్పుడైంది.

"ఈ పచ్చది" అన్నాడు మా ఆయన, "ఎన్ని రోజులకొకసారి పోయాల్రా?"